ఆట ఇంట్లో, అడ్రస్ బయట



చదరపు దిమ్మలు పేర్చి ఇళ్లు, కోటలు, ఏకంగా ఊళ్లే కట్టేసుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట మన ఇళ్లలో పిల్లలకు కొత్త కాదు. స్వీడన్‌లో మోజాంగ్ అనే చిన్న సంస్థ దాన్ని 2011లో పూర్తి రూపంలో విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పెట్టి ఆ సంస్థనే కొనేసింది. ఆటను డబ్బిచ్చి కొనుక్కోవాలి గానీ, పది మంది కలిసి ఆడుకోవడానికి కావలసిన సర్వర్ ప్రోగ్రామును మాత్రం కంపెనీ ఊరికే ఇస్తుంది. అటకెక్కిన పాత డెస్క్‌టాప్‌ను దించి, అందులో ఆ ప్రోగ్రాము ఎక్కిస్తే ఇంట్లోనే సర్వర్ తయారు. హైదరాబాదులో పిల్లవాడు, డల్లాస్‌లో ఉన్న వాడి పెద్దమ్మ కొడుకు, గుంటూరులో మేనత్త కూతురు ముగ్గురూ ఒకే కోట కట్టుకోవచ్చు.

ఈ పని మానిపించాలని నేను చెప్పడం లేదు. పదో తరగతి పిల్లవాడు సొంతంగా సర్వర్ నిలబెట్టాడంటే ఇంజనీరింగ్‌లో చెప్పే నెట్‌వర్కింగ్ పాఠాల్లో చాలా భాగం వాడికి అప్పుడే చేతికొచ్చినట్టు. కరెంటు బిల్లు మాత్రం చూసుకోండి. వంద వాట్లు లాగే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 72 యూనిట్లు కాలుతుంది.

అయితే సర్వర్ నిలబెట్టిన ఉత్సాహంలో పిల్లలు ఇంకో పని కూడా చేస్తారు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి 25565 అనే పోర్టు తెరుస్తారు. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్‌కు మామూలుగా ఉండే పోర్టు అదే. ఆ తర్వాత ఇంటి ఐపీ అడ్రస్ కాపీ చేసుకుని వాట్సాప్‌లో, డిస్కార్డ్‌లో పెట్టేస్తారు. ఫ్రెండ్సే కదా అనుకుంటారు. ఆ ఫ్రెండ్స్ తమ ఫ్రెండ్స్‌కు పంపుతారు. వారం తిరిగేసరికి మీ ఇంటి ఐపీ మీకు తెలియని వాళ్ల చేతుల్లో ఉంటుంది.

ఐపీ తెలిస్తే ఇల్లు తెలిసినట్టేనా? కాదు. ఈ విషయంలో భయం ఎక్కువ, నిజం తక్కువ. ఐపీని బట్టి మామూలు మనిషికి తెలిసేది మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ పేరు, మహా అయితే మీ ఊరు. ఏ ఫ్లాటో, ఏ వీధో కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. అది పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇస్తారు తప్ప ఆటలో ఓడిపోయి కోపం తెచ్చుకున్న కుర్రాడికి ఇవ్వరు.

కానీ తెలియకపోయినా తెలిసిందనుకునేవాళ్లతోనూ ప్రమాదమే. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరుంది. దాని దగ్గర ఒక పెద్దావిడకు పొలం, అందులో అద్దెకిచ్చిన ఇల్లు ఉన్నాయి. ఐపీ అడ్రస్‌లు ఏ ఊరివో చెప్పే జాబితాలు అమ్మే మాక్స్‌మైండ్ అనే కంపెనీ, ఫలానా ఐపీ అమెరికాది అని తప్ప ఇంకేమీ తెలియనప్పుడు దేశం నడిబొడ్డున ఒక చుక్క పెట్టేది. లెక్క సులువుగా ఉంటుందని 38 డిగ్రీల అక్షాంశం, 97 డిగ్రీల రేఖాంశం అని పూర్ణ సంఖ్యలకు సర్దేసింది. ఆ చుక్క వెళ్లి ఈ పొలంలో ఇంటి దగ్గర పడింది. 2016లో ఒక జర్నలిస్టు ఈ సంగతి తవ్వి తీసేనాటికి 60 కోట్ల ఐపీలు ఆ ఒక్క ఇంటి లెక్కలో ఉన్నాయి. ఆన్‌లైన్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, రకరకాల దర్యాప్తు అధికారులు ఏళ్ల తరబడి ఆ గుమ్మం తొక్కారు. ఒకరెవరో విరిగిన టాయిలెట్ తెచ్చి వాకిట్లో పడేసి పోయారు. ఆ ఇంట్లోవాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు. విషయం బయటికొచ్చాక కంపెనీ ఆ చుక్కను ఒక చెరువు మధ్యకు జరిపింది.

కాబట్టి ఐపీ నుంచి మ్యాపు మీద ఇల్లు వెతికేవాడు తప్పింటికే వెళ్లొచ్చు. అసలు ముప్పు వేరే చోట ఉంది. మీ ఐపీ తెలిసినవాడికి మీ ఇంటి నంబరు దొరక్కపోయినా మీ ఇంటి ఇంటర్నెట్ దొరుకుతుంది. ఆ లైను మీదికి పనికిరాని ట్రాఫిక్ కుమ్మరిస్తే అమ్మ ఆఫీసు మీటింగ్, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసు, టీవీలో సినిమా అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. దీన్నే డీడాస్ దాడి అంటారు. దాన్ని చేయడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. డబ్బు తీసుకుని చేసిపెట్టే దుకాణాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పోలీసులు మూయించినకొద్దీ కొత్త పేర్లతో తెరుస్తుంటారు.

ఆటలో తగువు ఎంత దూరం పోతుందో చెప్పడానికి మిరాయ్ కథ ఒక్కటి చాలు. 2016లో అమెరికాలో ఇరవై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న ముగ్గురు కుర్రాళ్లు మిరాయ్ అనే ప్రోగ్రాము రాశారు. పెద్ద మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు నడిపేవాళ్లకు మంచి ఆదాయం ఉంటుంది. సర్వర్ పడిపోతే ఆటగాళ్లు పక్క సర్వర్‌కు పోతారు. అంటే పోటీవాడి సర్వర్ పడగొట్టినా లాభమే, పడిపోకుండా కాపాడతామని రక్షణ అమ్మినా లాభమే. వీళ్లు రెండు పనులూ చేశారు. ఒక చేత్తో దాడి, ఇంకో చేత్తో రక్షణ కంపెనీ.

ఇంతకీ దాడికి సైన్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? మనలాంటి వాళ్ల ఇళ్లనుంచే. సీసీ కెమెరాలు, వాటి రికార్డర్లు, ఇంటి రూటర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే చాలామంది మార్చరు. అడ్మిన్, అడ్మిన్. రూట్, రూట్. ఇలాంటి జతలు 60కి పైగా ఒక జాబితాగా రాసుకుని మిరాయ్ ఇల్లిల్లూ తలుపు తట్టింది. ఒక దశలో 6 లక్షల పరికరాలు దాని చేతిలోకి వెళ్లాయి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లకు రక్షణ ఇచ్చే ఫ్రాన్స్ కంపెనీ ఓవీహెచ్ మీద 2016 సెప్టెంబరులో సెకనుకు సుమారు ఒక టెరాబిట్ ట్రాఫిక్ వచ్చిపడింది. మీ ఇంట్లో 100 ఎంబీపీఎస్ లైను ఉంటే దానికి పది వేల రెట్లు. అదే నెలాఖరుకు ప్రోగ్రాము కోడ్‌ను వాళ్లే ఇంటర్నెట్‌లో పడేశారు. దాన్ని ఎత్తుకున్న వేరేవాళ్లు అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు ఐపీలు చెప్పే డైన్ అనే కంపెనీని కొడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి సరిగా పనిచేయలేదు. ఏదో దేశం చేయించిన యుద్ధమని జనం అనుకున్నారు. పుట్టుక చూస్తే పిల్లల ఆట దగ్గర. ఆ ముగ్గురూ 2017లో నేరం ఒప్పుకున్నారు. అలాస్కా కోర్టు 2018లో వాళ్లకు అయిదేళ్ల ప్రొబేషన్, 2,500 గంటల సమాజ సేవ విధించింది. ఎఫ్‌బీఐకి సాయం చేశారు కాబట్టి జైలు తప్పింది.

"మా వాడి సర్వర్ సంగతి ఎవరికీ చెప్పలేదండీ" అంటారు కొందరు. చెప్పక్కర్లేదు. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపి 430 కోట్లు. ఒక్క కంప్యూటర్, ఒక గిగాబిట్ లైను ఉంటే ఈ 430 కోట్ల తలుపులూ 45 నిమిషాల లోపే తట్టి రావచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో జీమ్యాప్ అనే పనిముట్టు చేసి చూపించారు. మీరు 25565 తెరిచారంటే ఆ తలుపు తట్టేవాడు ఎలాగూ వస్తాడు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే ప్రోగ్రాములో లోపం బయటపడినప్పుడైతే మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క లైను టైపు చేసి అవతలి సర్వర్ కంప్యూటర్‌నే స్వాధీనం చేసుకోగలిగారు. ఆ కంప్యూటర్ మీ ఇంటి వైఫైలోనే ఉంటే మిగతా ల్యాప్‌టాప్‌లు కూడా దాని పక్కనే ఉన్నట్టు.

ఇంకొక విషాదం చెప్పాలి. ఇదీ కాన్సస్‌లోనే, విచిటా నగరంలో. 2017 డిసెంబరు 28న కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో డాలరున్నర పందెం దగ్గర ఇద్దరు గొడవపడ్డారు. "దమ్ముంటే రా" అని ఒకడు తన పాత అడ్రస్ ఇచ్చాడు. ఇంకొకడు లాస్ ఏంజెలిస్‌లో ఉన్న మూడోవాడికి ఆ అడ్రస్ అందించాడు. వాడు పోలీసులకు ఫోన్ చేసి ఆ ఇంట్లో హత్య జరిగిందని, మనుషుల్ని బందీలుగా పెట్టానని అబద్ధం చెప్పాడు. ఆ ఇంట్లో ఉన్న 28 ఏళ్ల మనిషికి ఈ ఆటతో ఏ సంబంధమూ లేదు. తలుపు తీసి బయటికి వచ్చి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఫోన్ చేసినవాడికి 20 ఏళ్ల శిక్ష పడింది. గమనించండి, ఆ అడ్రస్ ఐపీ నుంచి పుట్టలేదు, ఆడేవాడి నోట్లోంచి వచ్చింది. ఐపీ ఊరు చెబుతుంది. డిస్కార్డ్‌లో పెట్టిన యూనిఫాం ఫొటో స్కూలు చెబుతుంది. మీ వాడు మాటల్లో అపార్ట్‌మెంట్ పేరు చెబుతాడు. ఈ మూడూ కలిస్తే ఇక మ్యాపుతో పనిలేదు.

మన దగ్గరి పరిస్థితి కొంచెం వేరు. కొత్త ఐపీవీ4 అడ్రస్‌ల నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచ స్థాయిలో నిండుకుంది. అందుకని మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలాచోట్ల వందలాది ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మీ ఇంట్లో ఉందో లేదో చూసుకోవడం తేలిక. రూటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ అన్న చోట చూడండి. అది 100.64 మొదలు 100.127 దాకా ఏదో ఒక అంకెతో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. అక్కడ రూటర్‌లో పోర్టు ఎంత తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. మన పిల్లలు రాత్రంతా రూటర్‌తో కుస్తీ పట్టి తెల్లారి కళ్లెర్రజేసుకుని కూర్చునేది దీనివల్లే. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ కొనిపెట్టమని నాన్నను వేధిస్తారు. దయచేసి కొనకండి. నెలనెలా డబ్బు కట్టి మరీ మారని అడ్రస్‌ను ఊరందరికీ పంచినట్టవుతుంది.

అయితే ఏం చేయాలి? ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఆడేది ఎవరు? పెద్దమ్మ కొడుకు, మేనత్త కూతురు, క్లాసులో నలుగురు. వీళ్ల కోసం ప్రపంచం మొత్తానికి పోర్టు తెరవాల్సిన పనే లేదు. టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి ఉన్నాయి. వాటిని ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో ఎక్కిస్తే ఎక్కడెక్కడి యంత్రాలూ ఒకే ఇంటి వైఫైలో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. బయటివాడికి సర్వర్ ఉందని కూడా తెలియదు. సీజీనాట్ అడ్డం రాదు. ఇంత చిన్న ఆటకు ఖర్చూ ఉండదు. నా దృష్టిలో పది ఇళ్లలో తొమ్మిదింటికి ఈ పద్ధతి సరిపోతుంది.

మిగిలిన ఆ ఒక్క ఇంటి సంగతి. ఆ ఇంటి పిల్లవాడి సర్వర్ పేరు పాకింది, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వస్తున్నారు. అప్పుడు మధ్యలో ఇంకో మెషీన్ కావాలి. పూర్వం పట్నంలో గదులు మారుతూ చదువుకునే కుర్రాళ్లు తెలిసిన కొట్టు పేరు మీద కేరాఫ్ అడ్రస్ పెట్టుకునేవాళ్లు. ఉత్తరాలు కొట్టుకే వచ్చేవి, గది ఎక్కడో పోస్ట్‌మ్యాన్‌కు తెలిసేది కాదు. ఇదీ అంతే. ముంబైలోనో బెంగళూరులోనో ఒక డేటా సెంటర్‌లో వీపీఎస్ అనే అతి చిన్న సర్వర్ అద్దెకు తీసుకుంటారు. నెలకు కొన్ని వందల రూపాయలు. ఇంటి కంప్యూటర్ తానే బయటికి వెళ్లి వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాముతో దానికి ఒక టన్నెల్ వేసుకుంటుంది. ఆటగాళ్లందరూ వీపీఎస్ ఐపీకి వస్తారు. అది వాళ్ల ట్రాఫిక్‌ను టన్నెల్ గుండా ఇంటికి పంపిస్తుంది. ఇంటి రూటర్‌లో ఒక్క పోర్టూ తెరవరు. ఆట మోసే బరువంతా ఇంటి డెస్క్‌టాప్‌దే కాబట్టి వీపీఎస్ చిన్నదైనా చాలు. ఇంత తతంగం వద్దనుకుంటే ప్లేఇట్ లాంటి రెడీమేడ్ టన్నెల్ సేవలున్నాయి. స్టీమ్ వేదిక నడిపే వాల్వ్ కంపెనీ కూడా ఆటగాళ్ల ట్రాఫిక్‌ను తన సొంత రిలేల గుండా నడిపి ఒకరి ఐపీ ఇంకొకరికి కనబడకుండా చేసే ఏర్పాటు పెట్టింది. పెద్దవాళ్లు చేసేదే మనం చిన్నగా చేస్తున్నాం.

వీపీఎస్ మన దేశంలోనే తీసుకోండి. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. చవగ్గా దొరికిందని జర్మనీలో తీసుకుంటే హైదరాబాదులో పక్క వీధి ఫ్రెండ్ కొట్టిన కత్తి వేటు కూడా యూరప్ వెళ్లి తిరిగి రావాలి. పింగ్ పెరిగిందని పిల్లలు మళ్లీ పాత ఐపీకే పోతారు.

దాడి జరిగిందనుకోండి, పడిపోయేది ఆ వీపీఎస్. ఆట ఆగుతుంది, ఇల్లు ఆగదు. అమ్మ మీటింగ్ నడుస్తూనే ఉంటుంది.

ఇంత చేశాక కూడా ఇంటి ఐపీ ఎక్కడెక్కడ కారిపోతుందో చూడాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సర్వర్‌లోని లోకాన్ని బ్రౌజర్‌లో మ్యాపులా చూపించే డైన్‌మ్యాప్ అనే ప్లగిన్ ఉంది. అది 8123 పోర్టులో నడుస్తుంది. ఆటను టన్నెల్‌లో పెట్టి, మ్యాపు లింకు మాత్రం ఇంటి ఐపీతోనే ఇస్తారు. దాచిందంతా అక్కడ బయటపడుతుంది. డొమైన్ పేరు కొంటే ఐపీ దాగుతుందనుకోవడం ఇంకో భ్రమ. పేరు వెనక ఐపీ ఎవరడిగినా చెప్పడమే డీఎన్ఎస్ పని. డైనమిక్ డీఎన్ఎస్ కూడా మారే ఐపీకి మారని పేరు పెడుతుందే తప్ప దేన్నీ దాచదు. క్లౌడ్‌ఫ్లేర్‌లో డొమైన్ పెట్టిన పిల్లలకు ఒక వింత ఎదురవుతుంది. పేరు పక్కన మబ్బు బొమ్మ నారింజ రంగులో ఉంటే ఆట కనెక్ట్ కాదు, బూడిద రంగులోకి మారిస్తే కనెక్ట్ అవుతుంది. ఆ నారింజ మబ్బు కాపాడేది వెబ్‌సైట్ ట్రాఫిక్‌నే, ఆట ట్రాఫిక్‌ను కాదు. బూడిద రంగు పెట్టిన క్షణం ఇంటి ఐపీ అందరికీ కనబడుతుంది. ఐపీవీ6 సంగతీ మర్చిపోకండి. మన దేశంలో దాని వాడకం బాగా ఎక్కువ. ఐపీవీ4ను టన్నెల్‌లో పెట్టి, డీఎన్ఎస్‌లో ఇంటి ఐపీవీ6 రికార్డు వదిలేస్తే పెరటి తలుపు తీసి ఉంచినట్టే.

టన్నెల్ పెట్టాక వచ్చే చిక్కు ఒకటుంది. వచ్చిన వాళ్లందరూ వీపీఎస్ ఐపీతోనే కనబడతారు కాబట్టి ఒక అల్లరివాడి ఐపీని బ్యాన్ చేస్తే అందరూ బ్యాన్ అవుతారు. దానికి ప్రాక్సీ ప్రోటోకాల్ అనే విరుగుడు ఉంది. బంగీకార్డ్ లాంటి ప్రాక్సీ వాడి, వెనక సర్వర్‌లో ఆటగాడి ఖాతా అసలుదో కాదో చూసే ఆన్‌లైన్ మోడ్ ఆపేసినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ వెనక సర్వర్ పోర్టు బయటికి తెరిచి ఉంటే ఎవడైనా అడ్మిన్ పేరు పెట్టుకుని నేరుగా లోపలికి వచ్చేస్తాడు. ప్రాక్సీ నుంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ కనెక్షన్ తీసుకోవద్దని ఫైర్‌వాల్‌లో రాసిపెట్టాలి.

మనం మన అడ్రస్ గురించే ఆలోచిస్తున్నాం. సర్వర్ నడిపే పిల్లవాడి దగ్గర ఇంకొకరి అడ్రస్‌లు కూడా ఉంటాయి. ఎవరు లాగిన్ అయినా సర్వర్ లాగ్‌లో ఒక లైను పడుతుంది. ఆటగాడి పేరు, పక్కన బ్రాకెట్‌లో అతని ఐపీ, ఆట లోకంలో అడుగుపెట్టిన చోటు. సర్వర్ క్రాష్ అయిందని, ఎవరైనా సాయం చేస్తారని ఆ లాగ్ మొత్తం తీసి నలుగురిలో పెట్టేస్తారు. మీ వాణ్ణి కూర్చోబెట్టి ఆ లైను ఒకసారి చూపించండి. ఎదుటి ఇంటి పిల్లల ఐపీలను చెరిపేసి గానీ లాగ్ ఎవరికీ ఇవ్వకూడదని చెప్పండి.

ఈ దాపరికమంతా తోటి ఆటగాళ్ల నుంచే, చట్టం నుంచి కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్, వీపీఎన్ అమ్మేవాళ్లు కస్టమర్ పేరు, అడ్రస్, ఇచ్చిన ఐపీల వివరాలు అయిదేళ్లు ఉంచాలి. అది మీకూ పనికొస్తుంది. దాడి చేయడం మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. దాడికి గురైతే సమయంతో సహా స్క్రీన్‌షాట్లు తీసి నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ పిల్లవాడే పంతానికి పోయి ఇంకొకడి సర్వర్ మీద దాడి చేయించినా సెక్షన్లు ఇవే.

చివరగా వరుస గురించి ఒక మాట. ఇప్పటికే ఇంటి ఐపీ పంచేసి ఉంటే, ముందు వీపీఎస్, టన్నెల్ సిద్ధం చేసుకోండి. రూటర్‌లో తెరిచిన పోర్టులు మూసేయండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. డొమైన్ ఉంటే దాన్ని వీపీఎస్ ఐపీకి తిప్పండి. అన్నీ అయ్యాక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఫోన్ చేసి ఇంటి ఐపీ మార్చమని అడగండి. ఎందుకంటే ఒక డొమైన్ పేరు ఎప్పుడు ఏ ఐపీకి ఉందో ఏళ్ల తరబడి రాసిపెట్టుకునే సైట్లు ఉన్నాయి. పాత ఐపీ మారనంత కాలం ఈ ఏర్పాట్లన్నీ దాటుకుని దాడి నేరుగా ఇంటికే వస్తుంది. కొత్త ఐపీ వచ్చాక అది మీ వాట్సాప్ గ్రూపుకి కూడా వెళ్లకుండా చూసుకోండి.